వార్తల్లో పదం: డాక్యుమెంట్ మైగ్రేషన్

2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులను జోహో ఆఫీస్ సూట్‌లోనే పనిచేయమని ఆదేశించింది. సుమారు 12 లక్షల మంది కేంద్ర ఉద్యోగుల ఈ-మెయిళ్లు కూడా జోహో వేదికకే మారాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్న ఫైళ్లు కొత్తదానిలో తెరుచుకుని, దిద్దుకోవడానికి వీలయ్యేలా మార్చడమే డాక్యుమెంట్ మైగ్రేషన్.

మామూలు ఉత్తరాలు ఇబ్బంది పెట్టవు. కానీ పట్టికలు చెదురుతాయి, పేజీలు జరుగుతాయి. ఎక్సెల్‌లో పనులను వాటంతటవే చేసిపెట్టే మాక్రోలైతే చాలావరకు మళ్లీ రాసుకోవాల్సిందే. ఇలాంటి చిక్కులు తగ్గాలంటే ఫైలు ఫార్మాట్లకు ఉమ్మడి ప్రమాణాలు కావాలి. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఓడీఎఫ్ (ఓపెన్ డాక్యుమెంట్) ఫార్మాట్‌కు 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు వచ్చింది. వర్డ్ వాడే డాక్‌ఎక్స్ వెనకున్న ప్రమాణానికి ఆ గుర్తింపు దక్కింది 2008లో.

నల్లగొండ, పాలమూరు డీటీపీ సెంటర్లకు అసలు తలనొప్పి ఫాంటు. అను ఫాంట్లలో కొట్టిన పాత కరపత్రం, పెళ్లిపత్రిక కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అంతా గజిబిజి. అందులో పేరు వెతికినా దొరకదు. ఏ సూట్‌కు మారినా ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తేవాలి, ఆపై ఒత్తులు సరిచూడాలి. ఆ ప్రూఫు పని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తప్పించదు.

యూనికోడ్‌లో ఉచిత ఫాంట్లకు కొదవలేదు. పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ఇంటిపేరుతో ‘సురవరం’ ఫాంటే ఉంది. మార్చాక పాత ఫైలును చెరిపేయకండి. పీడీఎఫ్ ప్రతి ఒకటి పక్కన పెట్టుకోండి.