కొలాజెన్ పౌడర్ కొనే ముందు జామకాయ గుర్తు తెచ్చుకోండి!

రీల్స్ తెరిస్తే చాలు, కొలాజెన్ పౌడర్ యాడ్లే. తాగితే ముఖం మెరిసిపోతుందట! కోడ్ రాసే అలవాటు కదా, ఏదైనా లోపల ఎలా నడుస్తుందో చూడనిదే నాకు తోచదు. చూస్తే ఈ కథ చర్మంతో ఆగేది కాదు.

మన ఒంట్లోని ప్రోటీన్లలో దాదాపు 30 శాతం కొలాజెనే. చర్మం, ఎముకలు, కీళ్లు, రక్తనాళాల గోడలు... అన్నింటికీ పట్టు ఇచ్చేది ఇదే. దీనిలో మూడు పోగులు జడలా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లికను 1954-55లో మద్రాసులో తేల్చి చెప్పింది మన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా.

పోగులో ప్రతి మూడో చోట గ్లైసిన్ అనే బుల్లి అమైనో ఆమ్లం ఉండాలి. జన్యువులో ఒక్క అక్షరం మారి అక్కడికి ఇంకొకటి వచ్చిందా, జడ చెడుతుంది. చిన్న దెబ్బకే ఎముకలు విరిగే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా చాలామందిలో ఇలా వచ్చేదే. ఒక్క అక్షరం తప్పితే మా ప్రోగ్రామ్ ఆగుతుంది, అంతే. ఇక్కడ ఓ పసివాడి నడకే ఆగిపోవచ్చు.

జడ గట్టిగా నిలవాలంటే విటమిన్ సి తప్పనిసరి. అది అందకే పూర్వం నావికులకు స్కర్వీ వచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారేది, మానిన గాయాలు మళ్లీ తెరుచుకునేవి.

మరి పౌడర్? కడుపులోకి వెళ్లాక అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. తాగింది తాగినట్టు బుగ్గల్లోకి చేరదు. పప్పు, గుడ్డు, జామకాయ తినండి. మండుటెండకు, సిగరెట్‌కు దూరంగా ఉండండి. ఉన్న కొలాజెన్‌ను ఆ రెండూ కరగదీస్తాయి మరి!