Nandyal to Amaravati: నంద్యాల నుంచి రాజధానికి రైలులో వెళ్లాలా? ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి?

హైకోర్టులో వాయిదా, సచివాలయంలో ఫైలు.. పని ఏదైనా నంద్యాల జిల్లా వాళ్లు రాష్ట్రాన్ని అడ్డంగా దాటి అమరావతి వెళ్లాల్సిందే. రైలు ఉంది. కానీ నేరుగా రాజధానిలో దించే రైలు మాత్రం ఇంకా లేదు.

మారిన రాజధానులు

1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు. పక్క ఊరే అయినా నంద్యాల నుంచి నేరుగా పట్టాలు లేవు, డోన్ మీదుగా చుట్టి వెళ్లాలి. ఇప్పటికీ అంతే! 1956లో రాజధాని హైదరాబాద్‌కు మారింది. విభజన తర్వాత అమరావతి వచ్చింది. అంటే డోన్ వైపు వెళ్లే ప్రయాణం కాస్తా గుంటూరు వైపు తిరిగింది.

ఎక్కడ ఎక్కాలి?

మహానందికి దగ్గర్లో గాజులపల్లె స్టేషన్ ఉన్నా ఎక్స్‌ప్రెస్‌లన్నీ అక్కడ ఆగవు. నంద్యాల వెళ్లడమే మేలు. ఆళ్లగడ్డకు రైలు మార్గమే లేదు. వాళ్లు ముందు బస్సులో దాదాపు 40 కిలోమీటర్లు నంద్యాలకు రావాలి.

ప్రశాంతి, అమరావతి, కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లు నంద్యాల మీదుగా గుంటూరు, విజయవాడ వైపు వెళ్తాయి. కొండవీడు రోజూ ఉండదు. అందుకే టైమింగ్స్, రోజులు 139లో కనుక్కుని బయల్దేరండి.

ఎక్కడ దిగాలి?

గుంటూరు లేదా విజయవాడలో దిగాలి. అక్కడి నుంచి వెలగపూడి సచివాలయానికి, నేలపాడు హైకోర్టుకు రోడ్డు మార్గమే దిక్కు. రైలు ఛార్జీతో పాటు ఆ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

లేటు ఎందుకు?

గాజులపల్లె దాటాక నల్లమల అడవి. ఘాట్ మలుపులు, సొరంగాలు. పైగా గుంటూరు - గుంతకల్ మార్గం మొదట సింగిల్ లైన్. ఒకే పట్టా ఉన్నచోట ఎదురు రైలు వస్తే ఒకటి స్టేషన్‌లో ఆగాల్సిందే. అందుకే సుమారు 400 కిలోమీటర్ల డబ్లింగ్ చేపట్టారు. ఉదయాన్నే కోర్టు పని ఉంటే చివరి నిమిషంలో చేరే రైలును నమ్ముకోవద్దు.

అమరావతికి రైలు ఎప్పుడు?

ఎర్రుపాలెం - అమరావతి - నంబూరు కొత్త లైన్‌కు 2024 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. పొడవు 57 కిలోమీటర్లు, అంచనా వ్యయం రూ.2,245 కోట్లు. కృష్ణా నదిపై 3.2 కిలోమీటర్ల వంతెన కట్టాలి. నంబూరు ఉన్నది గుంటూరు - విజయవాడ మధ్యే. కాబట్టి ఆ లైన్ పూర్తయితే నంద్యాల రైలును గుంటూరు దాటాక అటు మళ్లించే వీలుంటుంది.

టికెట్ సంగతి

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. తత్కాల్ అయితే ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. వాయిదా తేదీ తెలిసిన రోజే వెళ్లడానికి, రావడానికి రెండు టికెట్లూ తీసేసుకోవడం బెటర్.