థ్రాటిల్ పొజిషన్ సెన్సరు - మార్చేముందు కొలిచి చూడండి



ఉపకార వేతనాల మాట వచ్చినప్పుడు ఇంజనీరింగు, మెడిసిను గురించి ఎంతసేపైనా మాట్లాడుకొంటాము. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు చదివే పిల్లవాడు ఏమి నేర్చుకొంటున్నాడో మాత్రం ఇంట్లో వాళ్ళు కూడా అడగరు. అందుకే ఈసారి ఆ ట్రేడుకు చెందిన ఒక చిన్న వస్తువు గురించి తెలుసుకొందాం. ఇంట్లో కారు ఉన్న తల్లిదండ్రులకు కూడా ఇది డబ్బు మిగిల్చే విషయమే.

మాది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. మా పాత పెట్రోలు కారులో రాయచూరు పోతున్నప్పుడు, నలభై యాభై వేగంలో బండి ఉన్నట్టుండి కుదుపు ఇచ్చేది. ఒకరోజు మాన్వి దాటిన తరువాత వడ్ల లారీని దాటబోయి యాక్సిలరేటరు తొక్కాను. బండి ఒక్క క్షణం చచ్చుబడినట్టయి, మరుక్షణం ఎగిరి దూకింది. ఎదురుగా బస్సు వస్తోంది. వెనుక సీట్లో పిల్లలు ఉన్నారు. ఆరోజు ఎలా తప్పిందో ఇప్పటికీ తలచుకోలేను.

గ్యారేజీలో మొదట ప్లగ్గులు మార్చారు. తరువాత ఫిల్టరు, ఆపైన పెట్రోలు పంపు. ప్రతిసారీ నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదటికి వచ్చేది. చివరకు పండుగ సెలవులకు వచ్చిన మా పక్కింటి ఐ.టి.ఐ. కుర్రవాడు బండి చూశాడు. "మామయ్యా, ఇంక ఏదీ విప్పవద్దు. ముందు కొలుద్దాం" అని మల్టీమీటరు తెచ్చాడు.

ఇక్కడ కాస్త వివరం అవసరం. యాక్సిలరేటరు తొక్కితే పెట్రోలు పోతుందని మనలో చాలామంది అనుకొంటాం. పెట్రోలు కారులో నిజానికి మన కాలు తెరిచేది గాలి దారిని. ఆ దారిలో, థ్రాటిల్ బాడీ లోపల, ఇరుసు మీద తిరిగే గుండ్రని పలక ఒకటి ఉంటుంది. కార్బురేటరు బండ్లలో ఆ గాలి వేగమే పెట్రోలును లాక్కొనేది. మన దేశంలో 2000 ప్రాంతం నుంచి చిన్న కార్లలో కూడా ఇంజక్షన్ పద్ధతి వ్యాపించింది. అప్పటినుంచి ఎంత పెట్రోలు చల్లాలో కంప్యూటరు నిర్ణయిస్తోంది. వచ్చే గాలి ఎంతో చెప్పడానికి వేరే సెన్సరు ఉంది. కాలు ఎంత తొక్కారు, ఎంత త్వరగా తొక్కారు, పూర్తిగా వదిలేశారా అన్న సంగతి చెప్పేది మాత్రం థ్రాటిల్ పొజిషన్ సెన్సరు. పలక ఇరుసు చివర రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది, అగ్గిపెట్టెంత కూడా ఉండదు.

దీని లోపల ఉన్నది పదో తరగతి పాఠమే. పాత రేడియోలో శబ్దం పెంచే బిరడా గుర్తుందా? అదే సూత్రం. వంపు తిరిగిన కార్బను పట్టీ ఒకటి, దాని మీద జారే లోహపు వేలు ఒకటి. పట్టీ ఒక చివర 5 వోల్టులు, రెండో చివర ఎర్తు. వేలు ఎక్కడ ఆనుతుందో ఆ మేరకు వోల్టేజి మూడో తీగ ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. పలక మూసి ఉంటే సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే సుమారు నాలుగున్నర. ఓమ్ నియమం మార్కులకోసమే అనుకొనే పిల్లలు ఈ మూడు తీగలను ఒకసారి చూడాలి.

మనం ఎక్కువసేపు ఒకే వేగంలో నడుపుతాం కాబట్టి వేలు పట్టీ మీద ఒకే చోట రుద్దుకొంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే అరుగుతుంది. వేలు ఆ చోటికి రాగానే సంకేతం తెగిపోతుంది. కాలు తీసేశారనుకొని కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది, మరుక్షణం మళ్ళీ పెంచుతుంది. మాకు తగిలిన కుదుపు అదే. కొత్త ప్లగ్గులు వేస్తే అరిగిన పట్టీ ఎలా బాగుపడుతుంది?

కొలిచే పద్ధతి ఇది. ఇంజను ఆపి, తాళం ఆన్ స్థితిలో ఉంచాలి. మీటరును 20 వోల్టుల డి.సి.లో పెట్టి, నల్ల తీగను బ్యాటరీ నెగటివుకు ఆనించాలి. మొదట సెన్సరు ప్లగ్గులో 5 వోల్టులు వస్తున్నాయా, ఎర్తు ఉందా అని చూడాలి. అవి లేకపోతే తప్పు సెన్సరుది కాదు, తీగలది. వడ్లు నిలవ ఉండే మన ఇళ్ళలో బానెట్ కింద ఎలుకలు తీగలు కొరకడం వింతేమీ కాదు. పిన్నులకు పట్టిన పచ్చని చిలుము తుడిస్తేనే బాగయిన బండ్లు కూడా ఉన్నాయి. రెండూ సరిగా ఉంటే మీటరు ఎర్ర తీగను సంకేతం తీగకు ఆనించి, మరొకరిచేత యాక్సిలరేటరు చాలా నెమ్మదిగా తొక్కించాలి. అంకె ఎక్కడా తడబడకుండా పెరగాలి. మా బండిలో పావు వంతు తొక్కేసరికి ఒకటిన్నర దగ్గర్నుంచి సున్నాకు పడి మళ్ళీ లేచింది. ముల్లు ఉన్న పాత మీటరయితే ఈ తడబాటు ఇంకా బాగా కనబడుతుంది.

స్కానరు ఉన్నచోట పి0122 వస్తే సంకేతం మరీ తక్కువని, పి0123 వస్తే మరీ ఎక్కువని అర్థం. సెన్సరు మార్చమని కాదు. తీగ తెగినా ఇవే కోడ్లు రావచ్చు.

మార్చడం కష్టమేమీ కాదు. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివు తీయాలి. తీగను పట్టి లాగకుండా ప్లగ్గు గొళ్ళెం నొక్కి విప్పాలి. స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటే పాత సెన్సరు ఉన్న స్థానాన్ని ముందే గీత గీసి గుర్తు పెట్టుకోవాలి. కొత్తదాన్ని ఇరుసు మీద పెట్టి, లోపలి స్ప్రింగుకు ఎదురుగా కొద్దిగా తిప్పితే రంధ్రాలు కలుస్తాయి. కలవకపోతే బలవంతం చేయరాదు, తలక్రిందుగా పెట్టారని అర్థం. థ్రాటిల్ బాడీ అల్యూమినియంది కాబట్టి స్క్రూలు ఎక్కువ బిగిస్తే మర పోతుంది. సర్దుబాటు ఉన్న రకమయితే పలక మూసినప్పటి వోల్టేజి ఆ కారు మాన్యువలులో ఇచ్చినట్టు పెట్టుకొని, ఆ తరువాతే పూర్తిగా బిగించాలి. పాత కోడును స్కానరుతో చెరిపితే సరి.

ఇదంతా కేబులుతో థ్రాటిల్ తెరిచే కార్ల సంగతి. కేబులు లేని కొత్త కార్లలో థ్రాటిల్ బాడీలోనే రెండు సెన్సర్లు ఉంటాయి. చాలావాటిలో మొత్తం బాడీయే మార్చవలసి వస్తుంది, అది ఖరీదైన వ్యవహారం. అక్కడ కొలవకుండా మార్చితే నష్టం ఇంకా ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక మోటారు సైకిళ్ళు కూడా దాదాపు అన్నీ ఇంజక్షన్‌కు మారాయి. వాటిలోనూ ఈ సెన్సరు ఉంటుంది. అంటే ఈ ట్రేడు పిల్లలకు ఇకమీదట రెండు చక్రాల బండి దగ్గర కూడా మీటరు అవసరమే.

మా కారుకు కొత్త సెన్సరు వేయడానికి ఆ కుర్రవాడికి అరగంట పట్టింది. పాతదాని మూత బ్లేడుతో లేపి చూపించాడు. నల్లని పట్టీ మీద ఒకేచోట, గోరంత మేర, తెల్లగా అరిగి ఉంది. మా పిల్లలకు చూపిద్దామని దాచబోతే, "మామయ్యా, ఇది మా క్లాసులో చూపిస్తాను" అని జేబులో వేసుకొని వెళ్ళాడు.