బండి లైటు ఎందుకు ఆరింది?

ఆత్మకూరులో బిడ్డను డాక్టరుకు చూపించుకుని, ఒక జంట ఉదయగిరి వైపు బయలుదేరిందనుకుందాం. మోటారు సైకిలు మీద ప్రయాణం. బిడ్డకు జ్వరం. పొద్దు కూకింది.

ఉన్నట్టుండి బండి ముందు లైటు ఆరిపోయింది. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది.

రోడ్డు మీద గుంత కనపడదు. అడ్డం వచ్చే గేదె కనపడదు. ఎదురు వచ్చే లారీకి వీళ్ళూ కనపడరు. భర్త బండిని పక్కకు తీసి ఆపాడు.

"వైరింగంతా కాలిపోయినట్టుంది. రేపు షెడ్డులో ఎంత అడుగుతారో!" అన్నాడు.

"ఏమయ్యా, చూడకుండానే కాలిందంటే ఎట్ట? ముందు హారను కొట్టు" అంది భార్య.

హారను గట్టిగా మోగింది.

"అయితే బ్యాటరీ బాగానే ఉండాది" అంది ఆమె.

హారను మోగితే బ్యాటరీ బాగున్నట్టు ఆమెకు ఎలా తెలిసింది? కరెంటు దారి తెలిసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. ఆ దారి ఏమిటో చూద్దాం.

కరెంటు నడిచే దారి

చివరి మడికి నీళ్ళు అందలేదు. అప్పుడు ఏం చేస్తాం? కాలువ గట్టు వెంట నడుస్తాం. నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో చూస్తాం. ఎక్కడ ఆగాయో అక్కడే గండి ఉంటుంది. కాలువంతా మళ్ళీ తవ్వం కదా! బండిలో కరెంటును వెతకడం కూడా ఇంతే.

కరెంటు బ్యాటరీలో బయలుదేరుతుంది. ఫ్యూజు దాటుతుంది. తాళం దాటుతుంది. స్విచ్చి దాటి బల్బుకు చేరుతుంది. అక్కడితో పని అయిపోదు. తిరిగి బ్యాటరీకి రావాలి. ఆ తిరుగు దారి బండి ఇనప బాడీయే. దీన్ని మెకానిక్కులు ఎర్త్ అంటారు. పోయే దారి తెగినా, వచ్చే దారి తెగినా లైటు వెలగదు.

బ్యాటరీని నింపేది ఎవరు? ఇంజనే. ఇంజను తిరిగితే దానిలోని అయస్కాంతం రాగి తీగ చుట్టల దగ్గర తిరుగుతుంది. అప్పుడు కరెంటు పుడుతుంది. ఈ సంగతి 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు.

ఇప్పటి బండ్ల బ్యాటరీ 12 వోల్టులు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. అందుకే ఇంట్లో వాడే టెస్టరు బండి బ్యాటరీ దగ్గర వెలగదు. వెలగలేదని బ్యాటరీ చచ్చిపోయింది అనుకోవద్దు.

ఏది పనిచేయడం లేదు?

ముందు తాళం తిప్పాలి. హారను, ఇండికేటరు, బ్రేకు లైటు ఒక్కొక్కటీ చూడాలి.

ఏదీ పనిచేయడం లేదా? అయితే తప్పు దారి మొదట్లోనే ఉంటుంది. బ్యాటరీ మీద బిగించిన వైర్లు వదులయ్యాయేమో చూడాలి. అక్కడ తెల్లటి పొడి పేరుకుంటే కరెంటు సరిగా పోదు. తర్వాత ఫ్యూజు చూడాలి. ఫ్యూజు లోపలి సన్నతీగ తెగితే కరెంటు అక్కడే ఆగిపోతుంది.

ఒక్కటే పనిచేయడం లేదా? అయితే తప్పు దాని దారిలోనే వెతకాలి. ముందు బల్బు, తర్వాత బల్బు హోల్డరు, ఆ తర్వాత స్విచ్చి చూడాలి.

సెల్ఫ్ నొక్కితే టక్కు టక్కుమని శబ్దం వస్తోందా? చాలాసార్లు బ్యాటరీలో బలం తగ్గి ఉంటుంది. లేదా దాని వైర్లు వదులై ఉంటాయి.

ఇంజను అసలు అందుకోవడం లేదా? హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్చి చాలా బండ్లకు ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కి ఉండొచ్చు. ముందు అది చూడాలి.

పాత బండ్లలో ఒక తేడా ఉంది. చాలా పాత బండ్లలో ముందు లైటుకు ఇంజను నుంచే కరెంటు వస్తుంది. ఇంజను ఆడితేనే లైటు. అలాంటి బండిలో హారను మోగినంత మాత్రాన లైటు దారి సంగతి తెలియదు. 2017 ఏప్రిల్ నుంచి తయారైన చాలా బండ్లలో పగలైనా సరే, ఇంజను ఆడుతుంటే ముందు లైటు దానంతట అదే వెలుగుతుంది.

చిన్న బల్బు, పెద్ద సాయం

పాత ఇండికేటరు బల్బు ఒకటి, రెండు వైరు ముక్కలు ఉంటే చాలు. బల్బుకు రెండు వైర్లూ కలపాలి. ఒక కొసను రంగు లేని ఇనప భాగానికి ఆనించాలి. రెండో కొసతో దారిని వెతకాలి. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, ఫ్యూజుకు ఇవతల, అవతల, తర్వాత తాళం, స్విచ్చి. ఎక్కడి దాకా బల్బు వెలిగితే అక్కడి దాకా కరెంటు వచ్చినట్టే. వెలిగిన చోటికి, వెలగని చోటికి మధ్యలోనే తప్పు ఉంటుంది.

వైర్లు ఎక్కువగా తెగేది హ్యాండిల్ మెడ దగ్గర. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి. గడ్డివాము పక్కన బండి పెడితే ఎలుకలు కూడా కొరుకుతాయి. వానలో తడిస్తే వైర్లు కలిసే చోట చిలుము పడుతుంది.

ఇవి చేయవద్దు

ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతోందా? ఎక్కడో వైరు తోలు ఊడి బాడీకి తగులుతోందన్న మాట. ఆ చోటు వెతకాలి. సిగరెట్టు పెట్టె రేకు చుట్టి పెట్టకూడదు. ఫ్యూజు తాను తెగి బండిని కాపాడుతుంది. రేకు తెగదు. వైరు కాలుతుంది. దగ్గరలోనే పెట్రోలు ఉంది!

ఫ్యూజు మీద 10, 15 లాంటి అంకె ఉంటుంది. పోయినదాని మీద ఏ అంకె ఉందో, కొత్తదాని మీదా అదే ఉండాలి.

ఇంజను ఆడేటప్పుడు ప్లగ్గు వైరు ముట్టుకోకూడదు. అందులో వేల వోల్టులు ఉంటాయి.

బ్యాటరీ ఊడదీసేటప్పుడు తాళం తీసేయాలి. ముందు మైనస్ వైరు విప్పాలి. బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. బ్యాటరీ ఆసిడ్ ఒంటి మీద పడితే ఎక్కువ నీళ్ళతో చాలాసేపు కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆ జంట ఏం చేసింది?

వాళ్ళ బండిలో హారనుకూ లైటుకూ బ్యాటరీ నుంచే కరెంటు వస్తుంది. హారను మోగింది. అంటే బ్యాటరీ బాగుంది, తాళం బాగుంది. ఇక మిగిలింది లైటు దారి.

"డిమ్ములో ఉండాదా, బ్రైటులో ఉండాదా?" అడిగింది ఆమె.

"డిమ్ములో."

"బ్రైటుకు మార్చి చూడు."

లైటు భగ్గున వెలిగింది!

ఆ బల్బులో రెండు సన్న తీగలు ఉంటాయి. ఒకటి డిమ్ముకు, ఒకటి బ్రైటుకు. డిమ్ము తీగ తెగింది. రెండోది బాగుంది. నిదానంగా వచ్చారు. ఎదురు బండి వస్తే పక్కకు తీసి ఆగారు. బిడ్డ భద్రంగా ఇల్లు చేరింది.

తెల్లారి షెడ్డులో ఆమే చెప్పింది: "హారను మోగుతోంది. బ్రైటు వెలుగుతోంది. డిమ్ము వెలగడం లేదన్నా. బల్బు చూడండి."

మెకానిక్కు బల్బు విప్పాడు. తీగ తెగి ఉంది. పాత బల్బు మీది అంకెలు, కొత్త బల్బు మీది అంకెలు ఆమె పక్కపక్కన పెట్టి చదివింది. రెండూ ఒకటే. బల్బు డబ్బులతో పని అయిపోయింది. వైరింగు జోలికి పోనే లేదు.

మీ ఇంట్లో బండి ఉందా? ఫ్యూజు ఎక్కడుందో ఈరోజే అడిగి తెలుసుకోండి. దాని మీది అంకె చదవండి. ఈ పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకోండి.