బీరు చదువు చోళ్లతో మొదలుపెట్టాలి

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ వారి బీరు కర్మాగారం ఉంది. బార్లీ గింజ బీరుగా ఎలా మారుతుందన్నది మాత్రం ఆ చుట్టుపక్కల వారిలోనూ చాలామందికి తెలియదు. తెలుసుకుందాం, ఇంట్లో చేసి చూద్దాం అని ఆసక్తి పుట్టినవారు ముందుగా బార్లీ మాల్ట్, హాప్స్ పూలు, ఈస్ట్ పొట్లం ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతారు. సిక్కోలులోనో విజయనగరంలోనో ఉండి ఆ దారిన మొదలుపెట్టడం సరికాదని నా అభిప్రాయం. బీరు తయారీలో కష్టమైన పనులన్నీ చట్టం గీత దాటకుండా మన చోళ్లతోనే నేర్చుకోవచ్చు.

కల్లుకీ బీరుకీ తేడా ఎక్కడుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. తాటి, ఈత, జీలుగు చెట్ల నీరాలో చక్కెర ముందే ఉంటుంది. సీతంపేట ఏజెన్సీలో సవరలు గీసే జీలుగు కల్లు చెట్టు మీద కుండలో ఉండగానే పులవడం మొదలవుతుంది. గింజలో ఉండేది పిండి. ఈస్ట్ దాన్ని తినలేదు. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు గింజ మొలకెత్తేటప్పుడు పుడతాయి. అందుకే బీరు చేసేవాడి మొదటి విద్య మొలక కట్టడం. చోళ్లను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, రెండు మూడు రోజులు తడి ఆరకుండా చూసి, ఎండబెట్టి, వేళ్లు నలిపి తీసేసి పిండి పట్టించడం పసిపిల్లలకు మాల్ట్ చేసే తల్లులకు తెలిసిన పనే. అయితే జావ కోసమైతే మొలకలను కమ్మగా వేయిస్తారు. ఇక్కడ అలా వేయించకూడదు, ఆ వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలు అసలే వాడకూడదు, తిండికి అమ్మే చోళ్లే కొనాలి. వేడి దేశాల ధాన్యాల్లో మాల్ట్‌కు చోళ్లంత అనువైనవి తక్కువ. ఈ పంట పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఉగాండాలో తేసో జనం నేటికీ చోళ్లతో అజోన్ అనే బీరు చేసి, కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో తాగుతారు. సిక్కిం, నేపాల్ కొండల్లోని తోంగ్బా కూడా చోళ్లదే. మనకైతే విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానమే భారతి, శ్రీచైతన్య వంటి చోడి రకాలను రైతులకిచ్చింది. ఇంత దగ్గర ఉన్న గింజను వదిలి బార్లీ కోసం వెతకడం దేనికి?

రెండో విద్య వేడిని అదుపులో ఉంచడం. మామూలు చోడిపిండితో చిక్కగా జావ కాచి, 65 డిగ్రీలకు చల్లారాక వేయించని మొలక పిండి కొద్దిగా కలిపి, గంటసేపు అదే వేడిలో ఉంచి చూడండి. గరిటె నిలబడేంత చిక్కటి జావ పలచబడి తియ్యగా మారుతుంది. చెంచాడు వేరే పళ్లెంలో తీసి ఒక్క చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే, పిండి మిగిలి ఉన్నంతవరకు నల్లటి నీలం కనిపిస్తుంది (ఆ చెంచాడు పారబోయాలి). వేడి 80 దాటితే ఎంజైములు దెబ్బతింటాయి, బాగా తగ్గితే పని మందగిస్తుంది. దీనికి కావలసిన పరికరం ఒక థర్మామీటర్, అంతే. బీరు కర్మాగారంలో పెద్ద పెద్ద పాత్రల్లో జరిగేదీ ఇదే.

మూడోది పులుపును ఏలడం. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున్న కాగే నూకలో పోసి కాచే అంబలి, కుండలో రోజుల తరబడి సాగే తరవాణి ఈ పాఠం చెబుతాయి. అక్కడ పనిచేసేది ప్రధానంగా లాక్టిక్ బాక్టీరియా, పెరుగును తోడుపెట్టే జాతిది. అంబలిని కమ్మగా పులియబెట్టే ఆ సూక్ష్మజీవులే బీరులో దూరితే దాన్ని పాడుచేస్తాయి. బీరు ఎందుకు చెడుతుందో పాశ్చర్ 1876లో పుస్తకమే రాశాడు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే రకం ఈస్ట్‌ను వేరుచేసి పెంచాడు. ఏల్ రకం ఈస్ట్‌కు 20 డిగ్రీల దగ్గర, లాగర్ ఈస్ట్‌కు 10 డిగ్రీల దగ్గర హాయి. మన వైశాఖపు ఎండలో ఏ రకమూ కుదురుగా పనిచెయ్యదు. ఒకే అంబలి పుష్యంలో ఎన్ని గంటలకు పులిసింది, వైశాఖంలో ఎన్ని గంటలకు పులిసింది అని రాసిపెట్టుకున్నవారికి ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

అంబలి బీరెలా అవుతుంది, నురగేది, హాప్స్ చేదేది అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కాదు. ఇక మిగిలింది రెండో విద్యలో వచ్చిన తియ్యటి జావ నీటిని హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేయడం. ఈస్ట్ వేశాక పని దానిదే. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది మొలకలో, వేడిలో, శుభ్రతలో. ఇంటి వాడకానికి ఐదు లీటర్లు చేసుకుంటే ఎవరికి నష్టమన్నది ఇంకో ప్రశ్న. మన ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, కొంచెమే చేశామన్న వాదన నిలవదు. బ్రిటన్ 1963లో, అమెరికా సమాఖ్య చట్టం 1978లో ఇంటి బీరుకు వెసులుబాటు ఇచ్చాయి. సారా బట్టీ వేరు, పులిసిన గింజ నీరు వేరు అని మన చట్టమూ గుర్తిస్తే న్యాయంగా ఉంటుందని నేననుకుంటాను. అంతవరకు ఈస్ట్ దగ్గర ఆగవలసిందే.

అసలు మద్యం సంగతే ఎందుకన్నవారి మాట తేలిగ్గా తీసుకోకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం సారా కూల్చిన కాపురాల నుంచి పుట్టింది. వారి బాధ ముందు ఏ సరదా నిలవదు. కానీ ఇక్కడ నేర్చుకునేది గింజ విద్య. దానితో ఇంట్లో తయారయ్యేది పిల్లలూ తాగగల తియ్యటి మాల్టు, వేసవికి అంబలి. అమెరికాలో ఉన్న సిక్కోలు, విజయనగరం పిల్లలు తమ రాష్ట్రపు నియమం చూసుకుని ఆపై మెట్టు కూడా ఎక్కవచ్చు. ఇక్కడున్నవారు ఈ ఆదివారం సంతలో ఒక కిలో చోళ్లు కొని, రాత్రికి నానబెట్టండి.