పరీక్షలకు అందని నొప్పి: ఫైబ్రోమయాల్జియాతో నిత్యజీవనం

ఒళ్ళంతా నొప్పులని నెలల తరబడి బాధపడే ఇల్లాలికి రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలితే, ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి ‘వాతం’, రెండవది ‘పని తప్పించుకొనే నెపం’. ఈ రెండూ కాని కారణం మరొకటి ఉండవచ్చు. దాని పేరు ఫైబ్రోమయాల్జియా. ఇది పురుషులలోనూ వస్తుంది గాని, స్త్రీలలో ఎక్కువ.

ఈ వ్యాధిలో కండరాలు గాని, కీళ్ళు గాని చెడిపోవు. నొప్పిని గ్రహించే మెదడు, వెన్నుపాముల తీరు మారి, కొద్దిపాటి ఒత్తిడి సైతం పెద్ద బాధగా తోస్తుంది. రేడియోలో ధ్వనిని బాగా పెంచి వదిలినట్లన్నమాట. పరీక్షలలో ఏమీ కనబడకపోయినా నొప్పి మాత్రం నిజమైనదే. మూడు నెలలకు పైబడి శరీరమంతటా నొప్పి, ఎంత పడుకొన్నా తీరని బడలిక, మతిమరపు దీని ముఖ్య లక్షణాలు. శరీరంపై 18 చోట్ల నొక్కి చూసి, 11 చోట్లనైనా నొప్పి ఉంటే ఈ వ్యాధిగా గుర్తించే పద్ధతి 1990లో వచ్చింది. 2010 నుండి నొప్పి వ్యాప్తితోబాటు నిద్ర, అలసట, జ్ఞాపకశక్తులను కూడ లెక్కలోకి తీసుకొంటున్నారు. థైరాయిడ్ లోపం, విటమిన్ డి కొరత, రక్తహీనత వంటివి కూడ ఇటువంటి బాధలనే కలిగిస్తాయి గనుక, వైద్యులు వాటినీ పరిశీలిస్తారు.

నొప్పి తగ్గిన రోజున పేరుకొన్న పనులన్నీ ఒక్కసారే ముగించి, మరునాడు మంచం పట్టడం ఈ రోగులలో తరచుగా కనబడే పొరపాటు. ఒక పని ఎంతసేపు చేస్తే నొప్పి పెరుగుతున్నదో గమనించి, అంతకు ముందే ఆపాలి. అరగంట కలుపు తీస్తే నొప్పి హెచ్చేవారు ఇరవై నిమిషాలకే లేచి, కాసేపు విశ్రమించి, మరో పని అందుకోవాలి. బట్టలుతకడం, పిండి రుబ్బడం ఒకే రోజున పెట్టుకోరాదు. నిండు బిందెకు బదులు సగం బిందె మోయడం మేలు.

ఐరోపా కీళ్ళవ్యాధుల వైద్యసంఘం 2016లో వెలువరించిన సూచనలలో గట్టిగా సిఫారసు చేసినది వ్యాయామమొక్కటే. పొలం పని చేసేవారికి వేరే వ్యాయామమెందుకని అడగవచ్చు. గంటల తరబడి నడుము వంచి చేసే పని అవే కండరాలను అలసటకు గురిచేస్తుంది. నడక అట్లు కాదు. తొలుత ఐదు, పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి కొద్దికొద్దిగా పెంచాలి. మొదట్లో నొప్పి కొంత హెచ్చినా మానవలసిన పనిలేదు; నిమిషాలు తగ్గించుకొంటే చాలు. రోజూ ఒకే వేళకు పడుకొని లేవడం, సాయంత్రం తరువాత టీ, కాఫీలు మానడం నిద్రకు తోడ్పడతాయి. వేడినీళ్ళ స్నానం కొందరికి ఉపశమనమిస్తుంది.

అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రెగాబలిన్ వంటి మందులు కొందరికి కొంత మేలు చేస్తాయి. వైద్యుని సలహాపైనే వాడాలి. స్టెరాయిడ్ సూదులు ఈ వ్యాధికి పనిచేయవు. రోజూ మింగే నొప్పి మాత్రలు కడుపును, మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

సరిహద్దు గ్రామాలవారికి మరొక ఇబ్బంది ఉన్నది. పోటు, సలుపు, మంట, తిమ్మిరి అని ఇంట్లో వేరువేరుగా చెప్పుకొనే బాధలన్నీ ఆసుపత్రిలో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ‘నొప్పి’ అనే ఒక్క మాటగా మారిపోతాయి. ఎక్కడ, ఎప్పుడు, ఏ పని చేసినప్పుడు ఎట్లా ఉన్నదో ముందే కాగితంపై వ్రాసుకొని, అక్కడి భాష బాగా తెలిసిన వారిని వెంట తీసుకొని వెళ్ళాలి. పాత చీటీలన్నీ ఒకే సంచిలో ఉంచుకొంటే, ఏ రాష్ట్రంలోని వైద్యుని వద్దకు వెళ్ళినా పరీక్షలు మళ్ళీ చేయించుకొనే ఖర్చు తగ్గుతుంది.

అత్తగారు, భర్త, పిల్లలు ఆమె నొప్పిని నమ్మి, నీళ్ళు మోయడం వంటి బరువు పనులు పంచుకొంటే చికిత్సలో సగభాగం ఇంట్లోనే జరిగినట్లు. అయితే జ్వరం, కీళ్ళ వాపు, బరువు తగ్గడం, కాళ్ళుచేతులు పట్టు తప్పడం కనబడితే అది ఫైబ్రోమయాల్జియాయేనని ఊరుకోక, వెంటనే వైద్యునికి చూపించాలి.