బడి పక్క ఏరే భూగోళ పాఠం

ఆరో తరగతిలో నదుల పాఠం మొదలుపెడుతూ, తెలిసిన నదుల పేర్లు చెప్పమన్నాను. గోదావరి, కృష్ణ, కావేరి, గంగ అన్నారు పిల్లలు. రోజూ బస్సులో దాటి వచ్చే ఏటి పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ‘అది నది కాదు సార్, నురుగు కాలువ’ అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. తప్పు వాడిది కాదు. ఆ ఏటి సంగతి మేమెప్పుడూ చెప్పలేదు.

అది దక్షిణ పినాకిని. తమిళంలో తెన్‌పెన్నై. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం చేరి, కృష్ణగిరి మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కొండల సీమలో పుట్టిన ఉత్తర పినాకినే మన పెన్న. అది అనంతపురం, కడప జిల్లాల మీదుగా నెల్లూరు వైపు పోతుంది. పుట్టిల్లు ఒకటే, దారులు రెండు. ఇక ఆ నురుగంటారా, అది బెంగళూరు మురుగునీటి పుణ్యం. ఎగువన నగరం వదిలిన నీటితోనే దిగువన రైతు పంట పండించుకోవాలి. సరిహద్దు పాఠం ఇంతకన్నా తేటగా ఏ పుస్తకం చెబుతుంది?

మూడు పేర్ల ముద్ద

హోసూరు, తళి, డెంకణికోట ప్రాంతం మొరసునాడులో భాగం. 1956లో రాష్ట్రాల సరిహద్దులు గీయడానికి ఎన్నో తరాల ముందే ఇక్కడ తెలుగు, కన్నడ, తమిళం ఒకే సంతలో బేరమాడాయి. రాగిపిండితో చేసేది మనింట్లో సంగటి, పక్కింట్లో ముద్దె, ఎదురింట్లో కళి.

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఈ చల్లదనమే గులాబీకి కలిసొచ్చింది. పాలీహౌసుల్లో పెంచిన పూలు ఫిబ్రవరి 14 కోసం విదేశాలకూ వెళతాయి. పెళ్లిళ్ల కాలంలో ధర పలుకుతుంది, మిగతా రోజుల్లో పడిపోతుంది. అడవి అంచు ఊళ్లలో రాగి కోతకొచ్చే వేళకు బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల గుంపులు దిగుతాయి. రాత్రంతా చేను కాసిన నాన్నకు తోడున్న పిల్లవాడు తెల్లారి తరగతిలో కునికితే కోప్పడే ముందు ఒక్క మాట అడగండి.

రెండూ కావాలి

తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేస్తూ 2006లో చట్టం వచ్చాక మన బడుల్లో తెలుగు ఏమవుతుందోనన్న బెంగ మొదలైంది. తమిళం నేర్వాల్సిందే. బస్సు, బ్యాంకు, ఉద్యోగం అన్నీ దానితోనే. కానీ తెలుగు వదిలేస్తే పోయేది ఒక సబ్జెక్టు కాదు. అవ్వకు తెలిసిన చేలు, చెట్లు, గింజలు, వానల పేర్లన్నీ పోతాయి.

మా తరగతిలో చిన్న పని పెట్టాం. ఒక్కో పిల్లవాడు ఇంట్లో పెద్దల్ని అడిగి పది పొలం మాటలు తెలుగులో రాయాలి, పక్కన తమిళం, కన్నడం మాటలు చేర్చాలి. మూడో వారానికి ఇళ్ల నుంచే మాటలు ఎక్కువై నోటు పుస్తకాలు చాల్లేదు. తల్లిదండ్రులూ, మీ ఇంట్లోనూ ఈ పుస్తకం మొదలుపెట్టండి. ఖర్చు లేదు, సాయంత్రం పావుగంట చాలు.

మొన్న వెనక బెంచీ అబ్బాయి పటం గీశాడు. ఏటి పక్కన ‘దక్షిణ పినాకిని’ అని రాసి, కింద చిన్న అక్షరాలతో ‘నురుగు పోవాలి’ అని చేర్చాడు. పూర్తి మార్కులు వేశాను.